సార్ వేలు ఆగిన చోటు

కుప్పంలో నేను పరిశోధన చేస్తున్న పొడిలో కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. నాలుగేళ్లకు దాని నిర్మాణం తేలింది. మట్టి ఉండలు, చీపురుపుల్లలతో నమూనా చేసి, ఈ రోజు మదనపల్లెలో మా కెమిస్ట్రీ సార్‌కి చూపించడానికి తీసుకెళ్లాను. చూపించడమంటే చేతుల్లో పెట్టడమే. షుగర్ వల్ల ఆయనకు చూపు పోయింది. కిందటి నెల భార్య కూడా పోయారు.

తడుముతూ తడుముతూ నడిమధ్యన వేలు ఆపారు. "ఈడ పుల్లలు ఊడిపోయినాయప్పా."

"ఊడలేదు సార్. అది ఖాళీనే."

"లోపల ఇంత ఖాళీ పెట్టుకోని ఎట్లా నిలబడతాదప్పా?"

"పుల్లలు గట్టివైతే చాలు సార్, నిలబడతాది" అని పరీక్షలో జవాబులా గడగడా చెప్పేశాను. ఆయన తలూపారు.

బస్సు పుంగనూరు దాటాక గానీ, ఆయన అడిగింది నమూనా గురించి కాదేమోనని నాకు తట్టలేదు. ఇంత చదివీ ఇదీ నా తెలివి. మీరైతే ఆయనకు ఏం చెప్పేవారు?