వైపర్ల కింద కనకాంబరాలు

మొదట వాసన వచ్చింది. ముసురు వెలిసిన మరుసటి పొద్దున కారు తలుపు తీస్తే, తడిసిన గోనెసంచి మడిచి మూల పడేసినట్టు ముక్కిన వాసన. మా ఇంట్లో ఆ వాసన ఎరగను. మా వైపు ఎండకు పగిలేవే గాని నానేవి తక్కువ. సీటు కింద ఎలుక చచ్చిందేమోనని వెతికాను. నాయన కూర్చునే వైపు, కాళ్లు పెట్టుకునే చోట, పరిచిన పట్టను చేత్తో నొక్కితే వేళ్ల మధ్యకు నీళ్లొచ్చాయి.

"నాయనా, కార్లోకి నీళ్లొచ్చినాయి" అని కేకేశాను.

నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. "కారని పేరు పెట్టినాక కారకుండా ఎట్లుంటాది పాపా" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ వాన కోసం ఎన్ని శనివారాలు ఒక్కపొద్దు ఉన్నానో ఆ స్వామికే తెలుసు. చెరువులో మూలకు మడుగు కట్టిందని, బోర్లలో నీళ్లు కదిలాయని వీధంతా చెప్పుకుంటున్నారు. అలాంటప్పుడు కార్లో కాసిన్ని నీళ్లు చేరడం ఒక బాధా? తలుపులన్నీ తెరిచి ఎండకు పెట్టాను. పట్ట కింద పాత పంచె పరిచాను. పైన ఆరింది. లోపల ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

మేము ధర్మవరం వైపు పట్టు నేసేవాళ్లం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయాసం. బడికి పంపితే మధ్యాహ్నానికే ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంటి దగ్గర దింపేవారు. ఇక నాయనే నన్ను మగ్గం గుంత గట్టున కూర్చోబెట్టుకుని, నేత ఆపకుండానే, పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గుంత గట్టు పుణ్యం. నాకు పెళ్లి కుదరలేదు. ఆయనకు నేను, నాకు ఆయన. దేవుడు మాకు తక్కువేమీ చేయలేదు.

నాయనకు మూత్రపిండాలు చెడిపోయాక వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రిలో మిషను మీద పడుకోవలసి వచ్చింది. ఒంట్లో చేరిన నీరు దానంతటది బయటికి పోదు, మిషనే తీయాలి అన్నారు. బస్సు ఎక్కి దిగే ఓపిక ఆయనకు లేదు. మా చీరలు కొనే షావుకారు తన పాత కారు మాకిచ్చి, నడపడం నేర్పమని డ్రైవరును కూడా పంపాడు. ఆ దయ మరిచేది కాదు. ఎండిన చెరువులో, నెర్రెలు విచ్చిన నేల మీద తిప్పి తిప్పి నేర్చుకున్నాను. నాయన వెనక సీట్లో కూర్చుని ధైర్యం చెప్పేవాడు. ఆయనకు స్టీరింగు పట్టుకోవడమే రాదు.

"మగ్గం తొక్కేదానికంటే ఇదేమంత పనప్పా! కింద కాళ్లు, పైన చేతులు, సూపు ముందర. పోగు తెగకుండా సూసుకో పాపా."

డ్రైవరు నవ్వేవాడు. "పోగు తెగితే ముడేస్తావు పెద్దాయనా. ఈడ తెగితే ముడేసేదానికి మనముండం."

నీళ్లు కొలత మీద తాగాలని డాక్టరమ్మ చెప్పింది. నాయన చెంబు పక్కన పెట్టేసి, పూజలో వాడే ఉద్ధరిణితో తాగడం మొదలుపెట్టాడు. "తీర్థమనుకుంటే నోరు ఇంకొంచెం అడగదులే" అనేవాడు.

మా పెరట్లో కనకాంబరం చెట్లు బియ్యం కడిగిన నీళ్లతోనే బతికేవి. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున్నే నాయన ఆ పూలు కోసి, నేతలో మిగిలిన పట్టు పోగులతో కట్టి, కారు అద్దం కింద వైపర్ల దగ్గర పెట్టేవాడు. రెండు చేతులూ బానెట్టుకు తాకించి కళ్లకద్దుకునేవాడు. పక్కింటి అత్త ఒకసారి అడిగేసింది.

"వాసన లేని పూలు దేవునికి యాలన్నా?"

"నీళ్లడక్కుండా పూస్తాండాది కదమ్మా. నాకంటే మేలు కాదా?"

దారిలో నాతో చాలాసార్లు అనేవాడు: "ఈ పూలే మనల్ని ఆడికి తీస్కపోయి మళ్లా ఈడికి తెస్తాండాయి పాపా." అది ఆయన నమ్మకం. నా నమ్మకమూ అదే.

వాన వెలిసి ఎండలు మళ్లీ మొదలయ్యాక కారు వింత చేష్టలు చేసింది. నిప్పులు చెరిగే మధ్యాహ్నం వైపర్లు వాటంతటవే లేచి పొడి అద్దాన్ని గీకాయి. "ఎవరికో టాటా చెప్తాండాది" అన్నాడు నాయన. ఇంకోసారి ఏ పక్కకూ తిరగకుండానే పక్క లైటు టకటకా కొట్టుకుంది. రెండు మూడు తట్లు తడితే ఆగేది. నేను స్వామిని తలుచుకుని నడిపేదాన్ని.

ఒక ఆసుపత్రి రోజున, రాప్తాడు ఇంకా రాకముందే, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. కారు ఆపాను. చెయ్యి వేయకుండానే హారను మోగడం మొదలుపెట్టింది. ఆగదు. గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. కాపరి కట్టె ఎత్తుకుని వచ్చాడు.

"ఏమక్కా, నా గొర్రెలు నీ చేను మేసినాయా? అట్ల మోగిస్తాండావు!"

"మేం మోగిచ్చలేదప్పా" అన్నాడు నాయన కిటికీలోంచి. "అదే మోగుతాండాది."

"అదే మోగేదానికి అది గుడిగంటా?"

ఆ మాట పూర్తి కాకముందే హారను ఆగిపోయింది. ఇంజనూ ఆగింది. తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఒక్క దీపం కూడా వెలగలేదు. కాలిన రబ్బరు వాసన సన్నగా వచ్చింది. నాయన ముఖం చూసి కాపరి గొంతు తగ్గించాడు. "యాడికి పోతాండారు?" అన్నాడు. చెప్పాను. ఆయనే కారును పక్కకు తోసి, గొర్రెల్ని వాటి మానాన వదిలేసి, టమాటాలు తీసుకుపోయే బండిని రోడ్డుకు అడ్డం నిలబడి ఆపి, మమ్మల్ని ఎక్కించాడు. ఆయన పేరైనా అడగలేదు. ఈనాటికీ దీపం పెట్టేటప్పుడు ఆయన గొర్రెలు బాగుండాలని తలుచుకుంటాను.

మేము చేరేసరికి నాయన వంతు దాటిపోయింది. ఆ మిషను మీద ఇంకొకరు పడుకుని ఉన్నారు. వాళ్లకూ అది ప్రాణమే కదా. రేపు పొద్దున్నే మొదట మిమ్మల్నే పెడతామన్నారు. అప్పటిదాకా వరండాలో ఉన్నాం. పడుకుంటే ఊపిరాడదు. నా భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి తీస్తే లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు మధ్య ఒక్క మాట అన్నాడు:

"పూలు పెట్టినా కదా పాపా. మరి ఎట్ల ఆగింది?"

ఆయన నా వైపు చూడటం లేదు. పైకప్పు వైపు చూస్తున్నాడు.

మరునాడు మిషను నీరు తీసింది. గండం గడిచింది, స్వామి దయ. కానీ అక్కడి నుంచి ఆయన పట్టుకోకుండా నడవలేకపోయాడు.

కారును రాప్తాడులో వైరింగు పని చేసే ఆయన షెడ్డుకు చేర్చాం. తర్వాతి వారం ఆటోలో ఆసుపత్రి నుంచి వస్తూ అక్కడ ఆగాం. తానూ చూస్తానని నాయన పట్టుబట్టాడు. షెడ్డు ముందు కట్టిన టార్పాలిన్ నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సీట్లు, కింది పట్ట అన్నీ ఊడదీసి బయట ఆరేసి ఉన్నాయి.

"బిందెడు నీళ్లు పిండినా అక్కా" అన్నాడు షెడ్డాయన. డాష్‌బోర్డు కింది నుంచి తీసిన ఒక డబ్బా చూపించాడు. దాని పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. "కారుకు ఇదే తలకాయ. నీళ్లు తగిలి షార్టైపోయింది. ఇది పోయినట్టే. పాతదొకటి యాడన్నా ఎతుకుతా. తీగలు మాత్రం నేనే బాగుచేస్తా."

"నీళ్లు యాడి నుంచి వచ్చినాయన్నా?"

"వచ్చేది పెద్ద కత కాదక్కా, పోయేది సూడు. అద్దం మీద పడిన వాన వైపర్ల కిందుండే ఈ జాలీలోకి దిగి, రెండు పక్కలా బొక్కల్లోంచి చక్రాల కాడికి పోవాల. పోయే దారి మూసుకపోతే లోపలికే వస్తాది."

"నా రోగమే దీనికీ తగులుకునింది" అన్నాడు నాయన కుర్చీలోంచి.

షెడ్డాయన నవ్వి, కొక్కెం వంచిన తీగ జాలీ పక్కన దింపి లాగాడు. నల్లటి ముద్ద వచ్చింది. ఇంకా లాగాడు, ఇంకా వచ్చింది. పూలు కుళ్లి మన్నైపోయాయి. వాటిని కట్టిన పట్టు పోగులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎరుపు, చిలకపచ్చ, నేను రాట్నం మీద చుట్టిన రంగులు.

నాకప్పుడు తెలిసింది. పూజ చేసిన పూలు తొక్కుడు పడకూడదు, నీళ్లలో కలపాలి. మా బావిలో నీళ్లు చూసి ఏళ్లయింది. వాడిన పూలను ఎవరి కాలూ పడని చోటు చూసి, జాలీ మూల విరిగిన సందులోకి జాగ్రత్తగా దోపుతూ వచ్చాడు నాయన.

"ఎవరక్కా ఇన్ని పూలు..." అని షెడ్డాయన మొదలుపెట్టాడు. నాయనకు వీపు తిప్పి, పెదాల మీద వేలు పెట్టుకున్నాను. షెడ్డాయన నన్ను చూశాడు, నా వెనక కుర్చీని చూశాడు.

"యాపాకులు తాతా!" అని గట్టిగా అన్నాడు. "యాపాకులు అడ్డం పడినాయి."

"మా ఇంటి కాడ యాపచెట్టు యాడుండాదప్పా?"

"గాలికి వస్తాయిలే తాతా, యాడి నుంచైనా."

"అంతేలే" అన్నాడు నాయన. "గాలికేముండాది."

ఆ ముద్దను కొంగులో మూట కట్టుకున్నాను. కారు చెడినందుకు కాదు నా భయం. వరండాలో ఊపిరాడక పైకప్పు వైపు చూస్తూ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదని ఆయనకు తెలియకూడదు. ఆ పూల మీది నమ్మకమే ఆయనకున్న ఒక్క ఆసరా. దాన్ని కూడా ఆయన దగ్గర లేకుండా చేయమని ఏ దేవుడూ అడగడు.

కారు మళ్లీ నడిచింది. విరిగిన చోట షెడ్డాయన సన్నటి వల బిగించాడు. ఆసుపత్రికి పోయే పొద్దున నాయన నన్ను పట్టుకుని పెరట్లోకి నడిచి, ఎప్పటిలాగే పూలు కోశాడు. ఎప్పటిలాగే పట్టు పోగుతో కట్టాడు. అద్దం కింద పెడితే, ఆయన చూడనప్పుడు తీసేయాలని అనుకున్నాను. కారు దగ్గర ఆగాడు. కొత్త వలను కాసేపు చూశాడు. బానెట్టుకు చేతులు తాకించి కళ్లకద్దుకున్నాడు. పూలు మాత్రం పెట్టలేదు.

"పాపా, ఎనక్కి తిరుగు."

తిరిగాను. ఉబ్బిన వేళ్లతో పూలు నా జడలో తురమబోయాడు. వెంట్రుక కంటే సన్నని పోగులు అతికిన చేతులు. కింద పడితే వంగలేడు. నేను తీసి వెనక్కి అందిస్తే మళ్లీ ప్రయత్నించాడు. చివరికి నిలిచాయి.

"నడిపేది నువ్వు కదా. నీకుంటే సాల్లే" అన్నాడు. సీట్లో సర్దుకుని కూర్చున్నాక, రోడ్డెక్కాక, మెల్లగా అన్నాడు: "ఆ వాడిన పూలు నీళ్లలో కలపాల్సినవే పాపా. ఎట్లనో నీళ్లకే చేరినాయి."

పోగు తెగకుండా చూసుకుంటూ రాప్తాడు దాటించాను. అప్పటి నుంచి ప్రతిసారీ ఆ పూలు నా జడలోకే వచ్చాయి.

మళ్లీ వానలు రాకముందే నాయన పోయాడు. ఆ రోజు మిషను వంతు తప్పినందుకు కాదు, ఆయన ఒంట్లోనే ఓపిక తీరిందని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. కొంగులో తెచ్చుకున్న పట్టు పోగులు కడిగి ఆరేసి దేవుడి గూట్లో ఉంచాను. రంగు తగ్గలేదు.

ఆ ఏడు మొదటి వాన పడినప్పుడు బయటికి వెళ్లి కారు ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. అద్దం మీద నీళ్లు వలలోకి దిగుతున్నాయి. కాసేపటికి చక్రం పక్క నుంచి సన్నటి ధార నేల మీద పడింది. దాని కింద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"వానలో ఏం చేస్తాండావు మ్మే?" పక్కింటి అత్త గడపలోంచి అరిచింది. "ఆయాసమొస్తాది, లోపలికి పో!"

"నీళ్లు బయటికి పోతాండాయా లేదా అని సూస్తాండా అత్తా."

"పోతాండాయా?"

"పోతాండాయి."