ముద్దకొక మాట

విరుదునగర్‌లో మా శిక్షణ తరగతి జరిగే మేడ కింద మిరపకాయల గోదాము ఉంది. బస్తాలు దించే రోజున ఆ ఘాటు మెట్లెక్కి పైకి వస్తుంది. ఆ పూట భోజనానికి కూర్చున్న ఆడపిల్లల్లో ఎవరో ఒకరు దగ్గుతారు. నేను నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టేసి లేచి నిలబడతాను. ఆ పిల్ల బుగ్గ చూస్తాను, గొంతు వింటాను. మిరప ఘాటుకి దగ్గిందని తెలిసినా నా కాళ్ళు ఆగవు. పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. మంచం పట్టినవాళ్ళకు అన్నం పెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్కకు ఒత్తిగిలించడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. దగ్గు వినగానే లేచే కాళ్ళు వాళ్ళకూ రావాలనే నా ఆశ. నాకు వాటినిచ్చింది కోవిల్‌పట్టి ఎస్తర్ సిస్టర్.

ఆవిడ రిటైరైన నర్సు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్టాండంతా వినబడేంత. ముసలివాళ్ళకు తోడుగా ఇళ్ళకు మనుషులను పంపే ఒక చిన్న సంస్థలో శిక్షణ ఇచ్చేవారు. అంతకుముందు అక్కడ చేరడమంటే పొద్దున పేరు చెప్పుకోవడం, మధ్యాహ్నానికి ఎవరింట్లోనో పనికి దిగడం. సిస్టర్ వచ్చీ రాగానే ఒక నియమం పెట్టారు. తన పరీక్ష పాసు కానిదే ఎవరూ ఏ రోగి ఒంటి మీదా చెయ్యి వేయకూడదు. పాసైనవాళ్ళు కూడా ఏటేటా మళ్ళీ పరీక్షకు రావాలి. సంస్థ నడిపే ఆయన నెత్తి కొట్టుకున్నాడట. కొట్టుకుని, ఒప్పుకున్నాడు.

నేను అగ్గిపెట్టెల ఆఫీసు నుంచి వచ్చాను. మా ఊళ్ళో ఆ ఫ్యాక్టరీలను ఆఫీసులనే అంటారు. వినడానికి దర్జాగా ఉంటుంది, లోపల అంతా అగ్గిమందు వాసన. ఎన్ని పెట్టెలు నింపితే అంత కూలి కాబట్టి నా వేళ్ళకు వేగం తప్ప ఇంకోటి తెలియదు. ఆ వాసన వదిలించుకుని, మనుషుల మధ్య ఒక పని చేసుకుని బతకాలని వచ్చాను. మొదటి రోజు అందరికంటే ముందే దుప్పటి పరిచేసి, మంచం మీద పడుకున్న తోటి పిల్ల ముఖం తుడిచేసి నిలబడితే, సిస్టర్ అన్నీ మళ్ళీ చేయమన్నారు. తరగతి అంతా తమిళంలోనే నడుస్తుంది. బయట మేం మాట్లాడేది కూడా తమిళమే. అందుకని సిస్టర్‌కు అర్థం కాదనుకుని ధైర్యంగా, మాలాగే తెలుగింటిదైన పక్కదానితో మా ఇంటి తెలుగులో, ఈమె మనల్ని బతకనీదే అని గొణిగాను. వెనకనుంచి ఆ బస్టాండు గొంతు అచ్చం మా అమ్మ భాషలో పలికింది.

"ఏలమ్మా ఇంత బిరీన చేస్తావు? పెట్టెకింత అని కూలి ఇచ్చే పని గాదు ఇది. ఆడ పండుకొని ఉండేది మనిసి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం నవ్వుతున్నారు. మా పక్క వీధి చర్చి దగ్గరి తెలుగువాళ్ళేనట. ఆ రోజు నుంచి పాఠాలు తమిళంలో, తిట్లు తెలుగులో. తిట్లవల్లే ఎక్కువ నేర్చుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నా పరీక్ష రోజుకే విరుదునగర్‌లో ఒక ఇంటివాళ్ళు మనిషి కావాలని కబురు పెట్టి ఉన్నారు. పాసైతే మర్నాడే బస్సెక్కాలి. లేదంటే మళ్ళీ అగ్గిపెట్టెలే. పరీక్ష పాప్పమ్మవ్వ దగ్గర. నల్లరేగడి పల్లెలో పత్తి చేలున్న ఇంటి పెద్దావిడ, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి కోవిల్‌పట్టిలో కూతురింట్లో ఉండేది. అలాంటి ఇళ్ళ చేలల్లో మా అమ్మ పత్తి ఏరింది. ఆ ఇంటి అవ్వకు ఇప్పుడు నేను ముద్ద పెడుతున్నానని లోపల నాకు కాస్త గర్వంగానే ఉంది. ఒక్క మెతుకు కింద పడకుండా పెట్టాను. మూతి తుడిచాను. మడత లేని పక్క మీద పడుకోబెట్టబోయాను.

సిస్టర్ నన్ను ఆపి, చేతికి గ్లవ్ వేసుకుని, అవ్వను నోరు తెరవమన్నారు. ఎడమ బుగ్గలోంచి అన్నం ముద్ద ఒకటి బయటికి తీశారు. ఆ పక్క స్పర్శ లేదు కాబట్టి అది అక్కడుందని అవ్వకే తెలియదు. పడుకోబెట్టి ఉంటే అది గొంతుకు అడ్డం పడేది. నన్ను ఫెయిలు చేశారు. సంస్థ ఆయన బతిమాలాడు, పిల్ల మంచిది, పని మీద నేర్చుకుంటుంది, అక్కడ మనిషి కోసం చూస్తున్నారు అని. నా కోసమేనేమో, సిస్టర్ తెలుగులో జవాబు చెప్పారు.

"ఆడ పోయి ఎవురి ప్రాణం మింద నేర్చుకుంటుంది?"

ఇంటికి వెళ్ళి కోపంతో అన్నం మానేశాను. మర్నాడు పొద్దున సిస్టరే మా గుమ్మంలోకి వచ్చి నన్ను అవ్వ దగ్గరికి లాక్కుపోయారు. అక్కడ ఆవిడ పద్ధతి నేర్పారు. ఒక ముద్ద పెట్టు. మింగనీ. మింగాక ఒక మాట అడుగు. జవాబు తేటగా వస్తే ఇంకో ముద్ద. గొంతులో నీళ్ళున్నట్టు గురగురమంటే ఆగు, బుగ్గ చూడు. ముద్దకొక మాట, అంతే.

మాటలకేం, నేను వసపిట్టనే. ఏ చేలో పత్తి బాగా కాసేది, తోటికోడలితో మొదటి తగాదా దేనికి, పెళ్ళిలో మామగారు ఎందుకు అలిగాడు అన్నీ అడిగాను. అవ్వ చప్పరించుకుంటూ, మింగుకుంటూ చెప్పేది. గిన్నె ఖాళీ కావడానికి పూటంతా పట్టేది కానీ, ఇంట్లోవాళ్ళు కూడా చుట్టూ చేరి వినేవాళ్ళు. అమ్మకు ఇన్ని కబుర్లు మిగిలున్నాయని మాకు తెలియదని ఆ కూతురు ఆశ్చర్యపోయింది. రెండో పరీక్ష రోజున సిస్టర్ బుగ్గలు చూడకముందే అవ్వ కల్పించుకుంది.

"ఈ బిడ్డకు పాసు ఇచ్చెయ్యి తల్లీ. నా కతలన్నీ అయిపోతుండాయి."

తర్వాత నేను విరుదునగర్ వచ్చాను. సిస్టర్ పరీక్షలు మాత్రం నన్ను వదల్లేదు. చెప్పకుండా కోవిల్‌పట్టిలో బస్సెక్కి సరిగ్గా భోజనం వేళకు దిగేవారు. తిండికి వస్తుందని కొందరు ఆడిపోసుకున్నారు. ఆవిడ సంచిలోంచి నిమ్మకాయ పులిహోర డబ్బా తీసి, రోగి పక్కనే కూర్చుని తింటూ మా చేతులు చూసేవారు. క్రమంగా ఇళ్ళవాళ్ళే పరీక్ష పాసైన మనిషేనా అని అడగడం మొదలుపెట్టారు. దాంతో మొదట ఎగతాళి చేసిన మిగతా సంస్థలవాళ్ళు కూడా కలిసి కూర్చుని అదే నియమానికి ఒప్పుకున్నారు. ఇక్కడ తరగతి తెరిచి నన్ను నేర్పమన్నారు. ఇప్పుడు నేను ఫెయిలు చేసిన పిల్లల తల్లులు గుమ్మంలోకి వచ్చి నన్ను తిడతారు. కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

ఈ మధ్య సిస్టర్ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఫోన్ చేసి మనిషిని పంపమన్నారు. నా దగ్గర బంగారంలాంటి పిల్ల ఉంది, మొదటిసారికే పాసైంది అన్నాను.

"అది వొద్దు. ఒకసారి ఫెయిలైన దాన్నే పంపు."

అలాంటివాళ్ళందరూ అప్పుడు ఇళ్ళలో పని మీద ఉన్నారు. మిగిలింది నేనే. సెలవు పెట్టి కోవిల్‌పట్టి బస్సెక్కాను. సిస్టర్‌ను దిళ్ళకు ఆనించి కూర్చోబెట్టి మొదటి ముద్ద పెట్టాను. మింగాక, సరిగ్గా పెడుతున్నానా సిస్టర్ అని అడిగాను. పక్షవాతం లేదు ఏమీ లేదు, అయినా ఆవిడ నోరు తెరిచి, నేను చూసుకోవడానికి వీలుగా రెండు బుగ్గలూ చూపించారు.

"నిన్ను ఫెయిలు చేసింది నేనే గదా ముత్తూ. అందుకే దైర్యంగా మింగుతుండా."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చేతిలోని రెండో ముద్ద తొందరపడి పెట్టకుండా, ఆవిడను ఇంకో మాట అడిగాను.