బుడ్డోడికి పాలు

పొద్దున్నే మా ఇంట్లో పొయ్యి కంటే ముందు కంప్యూటరు వెలిగేది. పళ్లు తోముకుంటూనే మా ఆయన దాని మీట నొక్కేవారు. అది మూలిగి మూలిగి లేచేలోపు నేను టీ పెట్టేదాన్ని. ఇప్పుడు ఒక్కదానికే పెట్టుకుంటున్నాను. వాడనప్పుడు కంప్యూటరు మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచుతున్నాను.

ఆయన ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. బయటి గోడకు రంగు పూశాక వాన పడిందంటే ఆ పూట కష్టమంతా మురిక్కాలవ పాలే. అందుకే ఆయన కళ్లెప్పుడూ మబ్బుల మీదే ఉండేవి. ఒకసారి ఎవరింటికో రంగులు వేస్తుంటే, ఆ ఇంటాయన తనకు పనికిరాదని అరచేతిలో పట్టే పాత కంప్యూటరు ఒకటి ఇచ్చేశాడు. దానికి సొంతంగా నెట్ రాదు. ఇంట్లో పెద్ద కంప్యూటరుకు వైరుతో కలిపి, దాని నెట్‌లోంచే దీనికీ కాస్త పంచాలి. మా అమ్మాయి ఆ విద్య నేర్పింది. వైరు గుచ్చి, తెర మీద చిన్న గడిలో టిక్కు పెట్టాలి. వైరు పెట్టిన ప్రతిసారీ టిక్కు కూడా కొత్తగా పెట్టాల్సిందే. అప్పుడు ఆ రోజు ఎండా వానా అందులోకి దిగుతాయి. ఆ తర్వాత వైరు పీకి జేబులో వేసుకుని పనికి పోవచ్చు.

దీనికి ఆయన పెట్టిన పేరు బుడ్డోడికి పాలు పట్టడం.

"ఇదిగో, అటు చీపురు తీసుకురాకు. వైరు ఊడుతుంది. బుడ్డోడు తాగుతున్నాడు" అనేవారు.

తోటి పనివాళ్లకు అదో వేళాకోళం. "ఏం మేస్త్రీ, నెత్తిన ఇంత మబ్బుంటే మీవాడు ఎండంటాడేంటి?"

"వాడు ఎండంటే ఎండే. మబ్బుకి ఇంకా కబురు అంది ఉండదు."

తడిసి ముద్దై ఇంటికొచ్చినా సరే, బుడ్డోణ్ణి పల్లెత్తు మాట అననిచ్చేవారు కాదు.

గుండెనొప్పితో ఆస్పత్రిలో చేర్చినప్పుడూ అదే ధ్యాస. "బుడ్డోడికి పాలు పట్టావా?" అని అడిగారు. సెలైన్ సరిచేస్తున్న నర్సు నా నెరిసిన తల వంక చూసింది.

"ఇంట్లో చంటిపిల్లాడున్నాడా అమ్మా?"

"లేకలేక పుట్టాడు తల్లీ" అన్నారు ఆయన, నవ్వు ఆపుకోలేక.

"మీ చేత్తో పడితే గానీ తాగడట. తొందరగా ఇంటికి రండి" అన్నాను నేను.

రాలేదు.

చుట్టాలందరూ వెళ్లిపోయాక అమ్మాయి ఆయన చొక్కా జేబులోంచి దాన్ని తీసింది. తెర మీద ఆయన చివరిసారి చూసుకున్న రోజే ఉంది. పసుపుపచ్చని సూర్యుడి బొమ్మ, దాని కింద 'వాన సూచన లేదు' అని. మూలన బ్యాటరీ గీత ఎర్రబడింది.

"అమ్మా, ఇది పూర్తిగా ఆరిపోతే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి. పాత రకం కదా. కంప్యూటరుకి కలపనా?"

"కలిపితే ఈ ఎండ ఉంటుందా?"

"ఎలా ఉంటుందమ్మా! నెట్ తగలగానే ఇవాళ్టిది వచ్చి కూర్చుంటుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన కళ్లు చివరగా చూసిన రోజు అది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. అయినా నా మనసు ఒప్పలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన పక్కన నిలబడి రోజూ చూసిన పనే కదా, ఒక్కో అంచె తలుచుకున్నాను.

"ఒసే, వైరులోంచి కరెంటూ నెట్టూ కలిసే వస్తాయా?"

"కరెంటు దానంతటదే వస్తుంది. నెట్ మాత్రం టిక్కు పెడితేనే..." అంటూ ఆగి, నా మొహం వంక చూసింది. లేచి కుర్చీ నా వైపు జరిపింది.

వైరు నేనే గుచ్చాను. ఎర్ర గీత మెల్లగా పచ్చబడింది. టిక్కు పెట్టమని పెద్ద తెర మీద గడి ఎదురుచూస్తోంది. పెట్టలేదు.