విస్తరి పక్కన గ్లాసు

నిన్న కాలవకి నీళ్ళు వదిలారు. ఈ ఉదయం పెరటి తలుపు తీయగానే వాసన ముక్కుకి కొట్టింది. ఎండిన మట్టి తడిసిన కమ్మదనం కాదు, కుళ్ళిన రొయ్యల మేత వాసన. అది తగిలితే చాలు, నాకు మంగతాయారు పిన్నిగారు గుర్తుకొస్తారు. ఆవిడ పోయి ఏళ్ళయినా గోడవతల నుంచి పిలుస్తున్నట్టే ఉంటుంది.

రాజోలు దగ్గరున్న ఈ ఊరికి నేను కోడలిగా వచ్చేనాటికి ఆవిడ మా పక్కింటావిడ, మా వార్డు మెంబరు. ఊరంతా తాగేది కాలవ పక్కనున్న మంచినీళ్ళ చెరువు నీళ్ళే. వేసవిలో కాలవ కట్టేసే ముందు చెరువు నింపుకుంటాం. మళ్ళీ కాలవ వదిలినప్పుడు మాత్రం తొలినీరు అందులోకి రానివ్వకూడదు. వేసవంతా కాలవలో పడ్డ చెత్తని అదే మోసుకొస్తుంది. నీరు తేటపడ్డాకే తూము ఎత్తాలి. జనం తొందరపెడితే ఆవిడ తూము దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తొలినీరు పొలానికండి, కుండకి కాదు అని నవ్వుతూనే అందర్నీ తిప్పి పంపేసేవారు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవారు. కొత్తకోడలికి తూము దగ్గరేం పని అని మా అత్తగారు సణిగేవారు.

ఒక ఏడు ఎంత ఆగినా నీరు తేటపడలేదు. చెరువు అడుగంటింది, గతిలేక తూము ఎత్తారు. వారం తిరక్కుండా ఇంటింటా పిల్లలకి వాంతులు, విరేచనాలు. మా చంటిదాన్ని భుజాన వేసుకుని అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తాను. అది దక్కుతుందనుకోలేదు. కారణం ఊరందరికీ తెలుసు. ఎగువన రొయ్యల చెరువులో పంట పట్టేశాక మిగిలిన నల్లనీళ్ళని పైపు వేసి కాలవలోకి తోసేస్తున్నారు. తెలిసీ ఎవరూ నోరెత్తలేదు. ఆ రొయ్యల చెరువు పిన్నిగారి తమ్ముడు సత్తిబాబుది. తల్లి పోయాక ఆవిడే ఎత్తుకు పెంచిన తమ్ముడు.

ఆవిడ తగువుకి వెళ్ళలేదు. తమ్ముణ్ణి భోజనానికి పిలిచారు. నేను వడ్డనకి సాయం వెళ్ళాను. మామిడికాయ పప్పు, అతనికి ఇష్టమని పనసపొట్టు కూర. విస్తరి పక్కన ఊరి చెరువు నీళ్ళు గ్లాసుతో పెట్టారు. అతను గ్లాసు పక్కకి జరిపి, వెంట తెచ్చుకున్న సీసా మూత తీశాడు.

"తాగరా తమ్ముడూ. ఊళ్ళో పిల్లలంతా తాగేరు. నేనూ తాగేను" అన్నారావిడ.

అందరూ వదులుతున్నారు, నన్నొక్కణ్ణే అంటావేమిటని అతను గింజుకున్నాడు.

"అందరూ నా తమ్ముళ్ళు కారు కదరా."

అతను విస్తరి ముందునుంచి లేచిపోయాడు. అన్నం సగంలో వదిలేసి లేవడం కంటే అవమానం మా వైపు ఇంకోటి లేదు. ఆ విస్తరి మడవలేక ఆవిడ ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. నాలుగు రోజులకి పైపు తీసేశాడు, ఆ నీళ్ళు తేరడానికి తన పొలంలోనే గొయ్యి తవ్వించాడు. కానీ అక్క గడప మళ్ళీ తొక్కలేదు. అతను బజార్లో ఎదురైతే ఆవిడ నిలబడి చూసేవారు, అతను తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడు.

ఏళ్ళ తర్వాత ఆవిడ మంచాన పడ్డారు. చివరి రోజున నేను చెంచాతో నీళ్ళు పోస్తుంటే సత్తిబాబు వచ్చాడు. చేతిలో చెంబు, తడిసిన పంచె. తనే ఊరి చెరువులో దిగి ముంచుకొచ్చాడు. ఆవిడ చూస్తుండగా ముందు తనొక గుక్క తాగాడు. తర్వాత ఆవిడ నోట్లో పోశాడు.

"తేటగా ఉన్నాయక్కా."

"ఆయ్" అని తలూపారావిడ. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాట అదే.

ఇప్పుడు వార్డు మెంబర్ని నేను. ఈ వాసన ఎగువన ఎవరి చెరువుదో నాకు తెలుసు. మా మరిదిది. చిన్నప్పుడు నా చేతి ముద్దలు తిన్న పిల్లాడు. పిన్నిగారి గుండె నిబ్బరం నాకు లేదు. అయినా తూముకి తాళం వేసి వచ్చాను. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే, వస్తున్నా వదినా అన్నాడు పాపం. పనసపొట్టు వండాను. విస్తరి వేశాను. కాలవలో ముంచిన గ్లాసు దాని పక్కన పెట్టాను.