జల్లెడ నేర్చుకున్న విసుగు

మా అక్క మొగుణ్ణి ఆఫీసులో అందరూ జల్లెడ అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఆ పేరు పెట్టిన మరదలు ఎవరో ఆయనకి ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి.

మాది లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే కంపెనీ. కింద విడిభాగాల గదిలో బేరింగుల మధ్య, గ్రీజు డబ్బాల మధ్య నేనుంటాను. మేడ మీద మెయిల్ సర్వరున్న ఇరుకు గదిలో బావ ఉంటాడు. ఆ గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు, ఆయన స్వెట్టరు ఎప్పుడూ విప్పడు. ఆఫీసుకి వచ్చే ప్రతి మెయిలూ ముందు ఆయన పెట్టిన ప్రోగ్రాముల చేతుల్లోంచి వెళ్ళాలి. అన్నీ ఓపెన్ సోర్సువే. అంటే ఎవరైనా ఊరికే తెచ్చుకుని, లోపల ఏముందో విప్పి చూసి, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఒకటి మెయిల్ అందుకుంటుంది. ఒకటి వైరస్ ఉందేమోనని వెతుకుతుంది. మరొకటి మార్కులు వేస్తుంది. ఈ బడిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే దొంగ. గీత దాటాడా, నేరుగా ‘చెత్త’ అనే డబ్బాలోకి పోతాడు.

"నాకెన్ని మార్కులేసి చేసుకున్నారో అడిగితే మాత్రం చెప్పరు" అంటుంది మా అక్క.

బావకి తన జల్లెడంటే ప్రాణం. లాటరీ తగిలిందనేవాళ్ళనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనేవాళ్ళనీ అది ఎలా పట్టుకుందో అన్నం ముందు కూర్చుని కథలు చెప్పేవాడు. అందులో ఆయనకి అన్నిటికన్నా ముద్దొచ్చే సంగతి ఒకటుంది. అది నేర్చుకుంటుంది. ఎవరికైనా పనికిరాని మెయిల్ వస్తే చెరిపేయకుండా లాగి చెత్త డబ్బాలో పడేయాలి. అది ఆ మెయిల్‌ని మాటలు మాటలుగా విడదీసి గుర్తుపెట్టుకుని, మళ్ళీ అలాంటిది వస్తే తనే పడేస్తుంది.

"చంటిపిల్ల లాంటిదే మరదలా! ఇంట్లోవాళ్ళు ఎవర్ని చూసి మొహం చిట్లిస్తారో, అదీ వాళ్ళని చూసి చిట్లిస్తుంది" అనేవాడు మురిసిపోతూ.

ఇక మేమంతా ‘వెంటనే తాత’ అనే ఆయన గురించి చెప్పాలి. మా కంపెనీలో అందరికన్నా పాత మెకానిక్కు. జీవితమంతా లిఫ్టు మోటార్ల హోరులో నిలబడి చెవులు సగం పోయాయి. ఫోనులో ఏం చెప్పినా వినపడదు, అందుకని ఏ కబురైనా తన ఫోనులోంచి మెయిల్ పెడతాడు. చెవులు పోయినవాడు మాట్లాడినా అరుపే కదా, ఆయన రాసినా అరుపే. ప్రతి మెయిలూ "వెంటనే! వెంటనే!!" అని మొదలవుతుంది, వెనక ఆశ్చర్యార్థకాలు కంచె కట్టినట్టు నిలబడతాయి. లిఫ్టులో బల్బు పోయినా వెంటనే, ఫ్యాను కీచుమన్నా వెంటనే. గోరంతలు కొండంతలు చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకే మాట: "అందరూ జాగ్రత్త. వేళకి తినండి."

ఆ మెయిళ్ళు సర్వీసు విభాగంలో అందరికీ వచ్చేవి. అందరికీ తల బొప్పి కట్టేది. ఒక్కరైనా ఆయన దగ్గరికెళ్ళి "తాతా, ఇన్ని వెంటనేలు వద్దు, నిజంగా తొందరైనవాటికే ఆ మాట పెట్టు" అని ఉంటే సరిపోయేది. అనలేదు. పెద్దాయన, నొచ్చుకుంటాడని మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత కాస్త మోటుగానే చెబుతుంది, ఇక్కడ రాయలేను. ఆయన ఎదురుపడితే నవ్వి పలకరించేవాళ్ళు, సీటు దగ్గరికి వచ్చి ఆయన మెయిల్ లాగి చెత్తలో పడేసేవాళ్ళు.

కొన్నాళ్ళకి తాత మెయిళ్ళు తగ్గాయి. తర్వాత రావడమే మానేశాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేనేజరు ఒకరోజు కారిడార్‌లో ఆయన భుజం తట్టి "ఈమధ్య బాగా నెమ్మదించావు తాతా" అని మెచ్చుకున్నాడు కూడా. తాతకి వినపడిందో లేదో, నవ్వాడు. పెద్ద రిపేర్లయితే భవనాలవాళ్ళే ఫోను చేస్తారు, చిన్నవి తాత తనే చేసుకుపోతాడు. కాబట్టి ఏ తేడా రాలేదు. ఏళ్ళు గడిచాయి.

అలాంటిది, ఒక మధ్యాహ్నం ఒక క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ లిఫ్టు బ్రేకు విప్పుతుంటే చక్రం తిరిగి తాత కుడిచెయ్యి తాడుకీ చక్రానికీ మధ్య నలిగిందట. ఆస్పత్రిలో వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

వినగానే ఎదురుగా ఉన్న అట్టపెట్టె మీద కూలబడ్డాను. ఆ చేత్తోనే కదా పొద్దున్నే నా దగ్గర బోల్టులు తీసుకుని వెళ్ళాడు.

బ్రేకు విప్పేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు విప్పాలి, ఒకరు చక్రాన్ని కదలకుండా పట్టాలి. మా పనిలో ఇది మొదటి పాఠం. తాత ఒంటరిగా విప్పాడు. మనిషి కావాలని ముందురోజే మెయిల్ పెట్టానని ఆయన ఆస్పత్రిలో అంటున్నాడు. రాలేదని ఆఫీసంతా అంటోంది. అబద్ధం కాదు, నిజంగా ఎవరూ చూడలేదు. అడక్కుండా ఒంటరిగా విప్పాడని తేలితే నియమం మీరినట్టు, ఉద్యోగం పోయినట్టే. మేనేజరు కాగితం తయారుచేయించి బావని పిలిచాడు. స్టాకు లెక్క చెప్పడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"నువ్వొక్క మాట చెప్పు. మెయిల్ వచ్చి మధ్యలో పోయే అవకాశం ఉందా?"

"నా జల్లెడలో ఒక్క గింజ పోదండీ" అన్నాడు బావ. పాపం, ఆ పేరు తనే వాడుకున్నాడు. "అయినా సంతకం పెట్టకండి. చూసొస్తాను."

వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. నేనే పైకెళ్ళాను. తెర ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ వెనక్కి పడిపోయి ఉంది, ఎత్తాలని కూడా తోచలేదు. "ఏంటి బావా?" అంటే చెయ్యి చూపించాడు.

తాత మెయిల్ అక్కడే ఉంది. చెత్త డబ్బాలో, లాటరీలకీ బట్టతల మందులకీ మధ్య. "వెంటనే! వెంటనే!! క్లినిక్ లిఫ్టు బ్రేకు అరిగిపోయింది. రేపు విప్పాలి. ఒక మనిషిని పంపండి!!! చక్రాల కుర్చీల వాళ్ళు ఎక్కే లిఫ్టు ఇది. అందరూ జాగ్రత్త. వేళకి తినండి."

దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. ఎంత కిందికి జరిపినా తాతే. ఆయన మానేయలేదు. ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాడు.

"కంపెనీ అడ్రసులని నమ్మమని దానికి చెప్పాను. తాతది సొంత ఫోను, ఆ జాబితాలో లేడు" అన్నాడు బావ. "మార్కులు చూడు. ఆశ్చర్యార్థకాలకి కొంచెమే పడ్డాయి. గీత దాటించింది అవి కాదు. నేర్చుకున్న మార్కులు. 'వెంటనే'కి పడ్డాయి, 'లిఫ్టు'కి పడలేదు. 'జాగ్రత్త'కి పడ్డాయి. 'వేళకి తినండి'కి అన్నిటికన్నా ఎక్కువ పడ్డాయి. ఎందుకో తెలుసా? లోకంలో ఏ మోసగాడూ ఆ మాట రాయడు. అది తాత ఒక్కడిదే. మనవాళ్ళు పడేసినవాటిలో తప్ప అది ఇంకెక్కడా కనపడలేదు దానికి."

కుర్చీ లేవనెత్తి ఆయన్ని కూర్చోబెట్టాను. మనిషి నిలువునా నీరైపోయాడు.

మేనేజరు తెర మీద అంతా చదివాడు. చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "తాత ఉద్యోగానికి ఢోకా లేదు. మెషిను పొరపాటు అని రాసేద్దాం."

"మెషిను పొరపాటు చేయలేదండీ" అన్నాడు బావ. "మనం చెప్పిందే చేసింది. ఎవరెవరు పడేశారో కూడా ఉంది. అందరూ ఉన్నారు. మీరూ ఉన్నారు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేనేజరు తెర మీద తన పేరు వెతికి చూసుకున్నాడు.

"సరే, రాయాల్సింది రాద్దాం" అన్నాడు మేనేజరు చివరికి. "ముసలాయనకి మాత్రం ఇవన్నీ చెప్పకు. బాధపడతాడు." మళ్ళీ అదే మొహమాటం! నాకు ఒళ్ళు మండింది, నోరు తెరవబోయాను. బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. మేనేజరూ నేనూ వెనకే బయలుదేరాం.

ఆస్పత్రి వార్డు నిండా జనం. తాత చేతికి దిండంత కట్టు. మమ్మల్ని చూడగానే నవ్వుతూ లేవబోయాడు. "తప్పు నాదే బాబూ!" అని అరిచాడు, ఆయన మామూలు గొంతే అది. "మెయిల్ సరిగా పెట్టినట్టు లేను! వేలు ఎక్కడో తప్పు నొక్కి ఉంటాను! అక్కడ రోగులు మెట్లెక్కలేక ఏడుస్తుంటే ఆగలేకపోయాను!"

"నీ మెయిల్ వచ్చింది తాతా" అన్నాడు బావ మెల్లిగా.

"ఆఁ?"

ఇంటిదగ్గర పిల్లల మీద కూడా గొంతెత్తని మనిషి మా బావ. వార్డంతా తలలు తిప్పి చూస్తుండగా, మేనేజరు చొక్కా పట్టి లాగుతుండగా, ఆయన అరిచాడు. "వచ్చింది! నువ్వు సరిగ్గానే పెట్టావు! మేమే చెత్తలో పడేశాం!"

తాత నవ్వు ఆగలేదు, అలాగే మొహం మీద ఉండిపోయింది. "ఇదొక్కటేనా?"

"అన్నీ!"

"అన్నీ అంటే?"

"ఇన్నేళ్ళుగా పెట్టినవన్నీ తాతా! ఎవరూ చదవలేదు!"

పక్కమంచం ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాత మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. వేళ్ళు పోయాయని చెప్పినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు కానీ, ఇంతకన్నా పాలిపోయి ఉండదు. ఆయన జీవితంలో మొదటిసారి అనుకుంటాను, నెమ్మదిగా మాట్లాడాడు.

"జవాబులు రాకపోతే... పనుల్లో ఉన్నారేమో అనుకున్నా."

బావ ఆ మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

తాతకి ఇప్పుడు ఆఫీసులోనే పని. మిగతా మెకానిక్కుల దగ్గరికి వెళ్ళొచ్చి, ఏ లిఫ్టుకి ఏం కావాలో ఎడమచేత్తో మెయిల్ పెడతాడు. ఏ మాటకి ఎన్ని మార్కులు పడి మెయిల్ ఆగిందో బావ ఆయనకి చూపించాడు. ఆ జల్లెడ నేర్చుకున్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి నేర్పుతున్నాడు. రోజూ పొద్దున్నే చెత్త డబ్బా తనే వెతుకుతాడు. అక్క దగ్గర ఇప్పుడు ఏ కథలూ చెప్పడు.

తాత మొదటి మెయిల్ వచ్చిన రోజు బావ నన్ను పైకి పిలిచాడు. "రెండో లిఫ్టులో లైటు పోయింది." అంతే. ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ‘వెంటనే’ లేదు. చివర్లో ఇంకేమీ లేదు. జల్లెడ వేసిన మార్కులు సున్నా.

సర్వీసు విభాగంలో ప్రతి ఒక్కరూ దాన్ని తెరిచారు. మేనేజరు స్వయంగా తాత బల్ల దగ్గరికొచ్చి, వినపడేలా వంగి, "ఇంత పొడిగా ఏంటి తాతా, మునుపట్లా రాయి. చివర్లో మాకు ఏదో చెప్పేవాడివి కదా" అన్నాడు.

తాత తలెత్తి ఆయన వైపు చూశాడు.

"వద్దులే బాబూ" అన్నాడు. "అది ఉంటే అందదట కదా."