కంపోస్టు యార్డులో మేక పెంటికలు

ఉదయం ఆరున్నర ప్యాసింజరెక్కాను. మా ఊరి పేరు చెప్పను, చెబితే మా కమిషనర్‌గారు నన్ను బతకనివ్వరు. వికారాబాద్ వైపు ఒక చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. చెత్తతో ఎరువు చేయడంలో ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవాలని సంగారెడ్డిలో సమావేశం పెట్టారు. మా అనుభవమంతా కంపే. సోమవారంలోగా అది పోకపోతే గేటుకు తాళం వేస్తామని యార్డు పక్క పల్లెవాళ్లు తేల్చి చెప్పారు. తాళం పడితే ఊరి చెత్త ఊళ్లోనే ఉంటుంది, నేను మాత్రం ఉండను. అయినా నా సంచిలో ఉన్నవి చక్కటి ఎరువు కుప్ప ఫొటోలు. ఆ ఎరువు ఒక రైతును బతిమాలి తెచ్చి పోసింది.

లింగంపల్లిలో దిగి ఎనిమిదింటికి సంగారెడ్డి బస్సు పట్టుకున్నాను. పటాన్‌చెరులో రాత్రి డ్యూటీ దిగిన మందుల కంపెనీ కార్మికుడొకడు నా పక్కన కూర్చున్నాడు.

"చెత్త మీద మీటింగా సార్? అన్నం పెడ్తరా?"

"పెడతారు."

"గట్లయితే మస్తు మీటింగే" అని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

పదింటికి ఫొటోల ప్రదర్శన మొదలైంది. ఏ ఊరి యార్డులోనూ కంపు లేదు, ఒక్క ఈగ లేదు. నా ఫొటోలకు చప్పట్లు కొడితే సిగ్గుపడాల్సింది పోయి పొంగిపోయాను. మధ్యాహ్నం బగారా అన్నం నిజంగానే బాగుంది.

మూడింటికి మమ్మల్ని ముత్తంగి దగ్గర ఒక యార్డు చూడటానికి తీసుకెళ్లారు. అక్కడి ఆఫీసరు ఒక నల్లటి కుప్ప చూపించి, "అంతా ఇళ్ల నుంచి వచ్చిన తడిచెత్తే" అన్నాడు. తలా ఒక గుప్పెడు తీసుకున్నాం. నా అరచేతిలో మూడు మేక పెంటికలు! చుట్టూ చూశాను. అందరూ ఎవరి గుప్పెట్లోకి వాళ్లు చూసుకుంటున్నారు. రైతు ఎరువును అరువు తెచ్చిన చేతులకు ఇదీ రైతుదేనని తెలియకపోతుందా?

"మేకల్ని కూడా ఇంటింటికీ తిరిగి సేకరిస్తున్నారా సార్?" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నవ్వొచ్చింది కానీ సోమవారం గుర్తొచ్చి భయమేసింది. "మాదీ ఇదే కథ సార్. ఫొటోలో ఉన్నది రైతుది, మా అసలు కుప్ప కుళ్లిపోతోంది" అని అందరి ముందే చెప్పేశాను.

యార్డులో పనిచేసే బాలమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అసలుది షెడ్డు ఎనుకున్నది సారూ. మీరొస్తుండ్రని దాసిండ్రు. రాండ్రి, సూపిస్త."

ఆ కుప్ప చూడటానికి చింపిరిగా ఉంది, కంపు మాత్రం లేదు. ఆమె ఇనుప సలాకను అందులో గుచ్చి, కాసేపాగి లాగి నా చేతికిచ్చింది. చెయ్యి చురుక్కుమంటే వదిలేశాను.

"గంత వేడుంటే కుప్ప మంచిగున్నట్టు. సల్లగుంటే ఊపిరాడ్తలేదన్నట్టు, తిరగెయ్యాలె. మీ కుప్పకు ఏం కప్పుతరు?"

"టార్పాలిన్. పెద్దసార్లు వస్తే నీటుగా కనబడాలని."

"పెద్దసార్లు పోయినంక తీస్తరా?"

"తీయం."

"ఇగ కంపు గొట్టదా? తీసేసి, ఎండుటాకులు కలిపి తిరగెయ్యుండ్రి. జెర గాలి తగలనియ్యుండ్రి."

అయిదున్నరకు తిరుగు బస్సు. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు నా సీటు దగ్గరికొచ్చి, తెలిసినవాళ్ల యార్డులో కంపుందని, ఆ సలాక సంగతేమిటని గుసగుసగా అడిగారు. ముందు మీ ఫొటోలోని ఎరువు ఎవరిదో చెప్పండన్నాను. లింగంపల్లి వచ్చేసరికి ముగ్గురు రైతుల పేర్లు తెలిశాయి. సంగారెడ్డి హాల్లో జరగాల్సిన సమావేశం ఆ బస్సులోనే జరిగింది.

స్టేషను బయట ఎస్టీడీ బూత్ నుంచి కమిషనర్‌గారికి ఫోన్ చేశాను. "సార్, టార్పాలిన్లు తీయించండి."

"తీస్తే లోపలున్నదంతా కనబడదా ఏమిటయ్యా?"

"కనబడనివ్వండి సార్. పల్లెవాళ్లను నేనే పిలిచి చూపిస్తాను. వాళ్ల ముందే తిరగేయిస్తాను."

బాలమణి సలాక గుచ్చి కుప్ప వేడి చూపించిన సంగతి చెప్పాను. ఫొటోల గురించి ముత్తంగి యార్డులో అందరి ముందూ నేను ఒప్పేసుకున్నది కూడా చెప్పేశాను. ఇంక ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

"ఆ సలాక ఎంత పొడుగుండాలి?" అని అడిగారు.