మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్

నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బి.బి.ఎ. పిల్లలకు పాఠాలు చెబుతాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నా నోటికి జడిసి పిల్లలు చాటున నాకేం పేరు పెట్టారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నేను క్లాసులో ఉన్నానంటే చీమ చిటుక్కుమన్నా వినపడాలి. భయం లేనిదే చదువు అబ్బదని మా నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను.

మూడో సంవత్సరంలోకి రాగానే పిల్లలందరికీ ఇంగ్లీషులో ఒక పేరా రాయిస్తాను. సెల్ఫ్ ఇంట్రడక్షన్. ఇంటర్వ్యూలో ‘నీ గురించి చెప్పు’ అనగానే అప్పజెప్పాల్సిన పాఠం. పేరూ ఊరూ ఎవరివి వాళ్లు పెట్టుకుంటారు. మిగతాదంతా అందరికీ ఒకటే. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్. మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ పీపుల్ ఈజీలీ. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. నాకు ముందు పనిచేసిన సారు రాయించేవాడు, ఆయనకు ఇంకెవరో రాయించి ఉంటారు. క్లాసులో ముప్పాతిక మంది పత్తో మిరపో వేసుకునే ఇళ్ల పిల్లలు కాబట్టి నాన్న రైతంటే చాలామందికి సరిపోయేది. సరిపోనివాళ్లు వాళ్లే మార్చుకుంటారులే అనుకున్నాను. మార్చుకోమని మాత్రం ఏనాడూ నోటితో చెప్పలేదు. పైపెచ్చు, ‘ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యిందో, చూడండి మీ పని’ అని బెదిరించేదాన్ని.

ఆ పేరా ఒక ఇంటిని ఏం చేసిందో చెప్పాలంటే అంతకు మూడేళ్ల ముందు నుంచి మొదలుపెట్టాలి.

మా కాలేజీల్లో ఎండాకాలం సెలవులు పిల్లలకే. లెక్చరర్లం ఇంటర్ పాసైన పిల్లల లిస్టులు పట్టుకుని ఊరూరూ, ఇల్లిల్లూ తిరగాలి. ‘మీ పిల్లను మా కాలేజీలో చేర్చండి’ అని అడుక్కోవాలి. అడుక్కోవడమనే అంటాను, ఇంకో మాట నాకు తోచదు. సీట్లు నింపలేని లెక్చరరుకు మరుసటి ఏడాది కుర్చీ ఉండదు. ఆ ఏడు నాకు గురజాల వైపు పడింది. పొద్దున రెంటచింతలలో ఎనిమిది గడపలు తొక్కి, ఎండకు కళ్లు తిరిగి, చర్చి గోడ నీడన కాసేపు కూలబడి, మధ్యాహ్నానికి గురజాల చేరాను.

లిస్టులో ఉన్న అమ్మాయి ఇల్లు పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే షాపు వెనక ఉంది. తండ్రి మెకానిక్. ముస్లింలు, తాతల నాటి నుంచీ ఇనప పనే. ఆయన ఒళ్లో స్ప్రేయరు మోటారు పెట్టుకుని, స్క్రూలు విప్పుతూనే నా మాటలన్నీ విన్నాడు.

“ఇది చదివితే ఏమవుద్ది మేడమ్?”

“ఉద్యోగం వస్తుందండీ.”

“ఎక్కడ?”

“షోరూములున్నాయి, బ్యాంకులున్నాయి, కంపెనీలున్నాయి. మేనేజర్లు అందరికీ కావాలి కదా.”

“మా ఇంటా వంటా మేనేజరు అనేవాణ్ణి ఎవరూ ఎరగరు.”

“మీ అమ్మాయినే చూద్దురుగాని.”

ఆ మాట ఆ రోజు అప్పటికి ఆరిళ్లలో అనేసి వచ్చాను. నోటికి అలవాటైపోయింది. ఆయన మాత్రం పని ఆపి, చేతులు గుడ్డతో తుడుచుకుని, నా ముఖంలోకి చూశాడు.

“నాకు ఇద్దరూ ఆడపిల్లలే మేడమ్. ఇద్దరినీ చదివియ్యాలంటే మా వాళ్లంతా నెత్తిన పడతారు. పెద్దదాన్ని మీ చేతుల్లో పెడతన్నా. దీనికి ఉద్యోగమొస్తే చిన్నదాన్ని నేనే తెచ్చి చేరుస్తా, ఎవడేమన్నా ఇనను. రాకపోతే మాత్రం చిన్నది ఇంటర్‌తో ఆగిపోద్ది. అప్పుడు నన్ను అడగబాకండి.”

“పూచీ నాదండీ” అన్నాను. పూచీ అట, పూచీ! నా కుర్చీకే పూచీ లేదు.

లోపల తల్లి ఉర్దూలో ఏదో అంది. తలుపు పక్కన ఇద్దరు పిల్లలు నవ్వుకున్నారు. చిన్నది అప్పుడు ఆరో తరగతి దాటి ఏడుకి వస్తోంది. మధ్యలో ఏళ్లున్నాయి కదా, అప్పటికి ఈ పెద్దపిల్ల ఎక్కడో స్థిరపడుతుందిలే అనుకుని, ఫారం మీద సంతకం పెట్టించుకుని బయటపడ్డాను.

పెద్దపిల్ల నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంది. రెండో బెంచీలో చివర కూర్చునేది. నోరు మెదిపేది కాదు. పుస్తకంలో ఉన్న పద్నాలుగు మేనేజ్‌మెంట్ సూత్రాలు వరస తప్పకుండా రాసేది. ఇలాంటి పిల్లంటే నాకు ఇష్టం, ఎందుకంటే ఎదురు అడగదు.

ఇంటర్న్‌షిప్‌కు ఎడ్లపాడు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లుకు వెళ్లింది. మిగతా పిల్లలు సగం మంది ఏదో ఒక ఆఫీసు ముద్ర కొట్టించుకుని ఇంట్లో పడుకుంటే, ఈ పిల్ల రెండు నెలలూ మిల్లుకే పోయింది. పొద్దుటి షిఫ్టుకు ఆడవాళ్లు సరిగా రావడం లేదని, బద్ధకమని సూపర్‌వైజర్లు తిట్టేవారట. ఈ పిల్ల కాగితం పట్టుకుని ఆ ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడిగింది. తేలిందేమిటంటే, మిల్లు బస్సు వచ్చే వేళకే వాళ్ల వీధుల్లో కుళాయిలు వదులుతున్నారు. నీళ్లు పట్టుకునే వంతు ఎవరిదైతే వాళ్లకు ఆ రోజు బస్సు తప్పిపోతోంది. బస్సును అరగంట వెనక్కి జరపమని మేనేజరుకు చెప్పింది. జరిపారు. షిఫ్టు నిండింది.

ఇదంతా రిపోర్టులో తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసుకొచ్చింది. నేనేం చేశాను? “కుళాయిలూ బిందెలూ ఏందమ్మా, ఇది ప్రాజెక్టు రిపోర్టా, వీధి పంచాయితీయా?” అని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. జౌళి పరిశ్రమ పుట్టుపూర్వోత్తరాలు నెట్‌లోంచి తీసి రాయమన్నాను. రాసింది. పదికి తొమ్మిది వేశాను. నా చేత్తో నేను కొట్టేసిన ఆ రెండు పేజీలే మూడేళ్లలో మా క్లాసులో జరిగిన అసలైన చదువు. అప్పుడు తెలియలేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆఖరి సెమిస్టరులో విజయవాడ నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఊరూరా పెద్ద దుకాణాలున్న కంపెనీ. ట్రైనీ ఫ్లోర్ మేనేజర్లు కావాలన్నారు. మా కాలేజీకి అలాంటివాళ్లు రావడమే గగనం. సెమినార్ హాల్లో ఇద్దరు సార్లు కూర్చున్నారు, పక్కన ప్రిన్సిపాల్, గోడవార కుర్చీలో పిల్లల బయోడేటాలు అందిస్తూ నేను.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నేను రాయించిన పేరా అప్పజెప్పారు. మొదటి ముగ్గురికీ సార్లు తలాడించారు. ఏడో పిల్లవాడు కూడా తాను మనుషుల్ని ఇట్టే నమ్మేస్తానని అనేసరికి ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా చెవులు వేడెక్కాయి. అయినా పిల్లలు తడబడటం లేదు కదా, చాల్లే అనుకున్నాను. పన్నెండో పిల్ల గురజాల అమ్మాయి.

ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, తలమీద చున్నీ. నిటారుగా నిలబడి గడగడా చెప్పేసింది. “మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్.”

సార్లలో పెద్దాయన చేయెత్తి ఆపాడు. తెలుగులోనే అడిగాడు.

“ఎన్ని ఎకరాలమ్మా?”

పిల్ల చున్నీ సర్దుకుంది.

“ఏం పంట వేశారు ఈ ఏడు?”

ఊహూ. ఆయన చేతిలో కాగితం తిప్పి చూశాడు. “ఇక్కడ మెకానిక్ అని రాసుంది. ఏది నిజం?”

ఆ పిల్ల నా వైపు చూసింది. ఇంటర్వ్యూలో ఒకసారి చెప్పిన జవాబు చచ్చినా మార్చొద్దు, మారిస్తే ధైర్యం లేదనుకుంటారు అని చెప్పింది కూడా నేనే. నేను తల దించుకుని ఒళ్లో కాగితాలు సర్దుకున్నాను.

“మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, సర్” అంది మళ్లీ.

“కన్నతండ్రి గురించే అబద్ధమాడే పిల్లకు రేపు షాపు తాళాలు ఎట్లా ఇచ్చేదమ్మా?” అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. కాగితం పక్కన పెట్టి, తర్వాతివాళ్లను పిలవమన్నాడు.

‘ఆ ముక్క నేను రాయించాను సార్, తప్పు నాది’ అంటే అయిపోయేది. ఒక్క వాక్యం. డెబ్భై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టే నా నోరు అక్కడ పెగల్లేదు. కంపెనీ లేచి వెళ్లిపోతే మిగతా పిల్లల గతేమిటి, ప్రిన్సిపాల్ ఏమంటాడు అని ఆ తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. అవన్నీ సాకులు. నా పరువు పోతుందని భయపడ్డాను, అంతే సంగతి.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బయట వరండాలో ఆ పిల్ల ఒంటరిగా నిలబడి ఉంటే, దగ్గరికి పోయి అందరి ముందూ కేకలేశాను. “నోరు పడిపోయిందా? మెకానిక్ అని చెబితే నీ సొమ్మేం పోయింది? కాలేజీ పరువంతా తీశావు!” అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటారే, అది. “సారీ మేడమ్” అంది. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నలుగురికి ఉద్యోగాలొచ్చాయి. వాళ్ల ఫోటోలతో కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. పరీక్షలయ్యాక గురజాల పిల్ల హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. రెండుసార్లు ఫోన్ చేద్దామని నంబరు తీశాను, చేయలేదు.

చిన్నది ఇంటర్ పాసైన ఏడు మళ్లీ గురజాల లిస్టు నా చేతికే వచ్చింది. ఇంకొకరికి మార్పించుకోవచ్చు. పోయాను. ఎందుకు పోయానంటే, ఆ తండ్రికి నిజం చెప్పేస్తే నా గుండె మీద బరువు దిగుతుందనుకున్నాను. నా స్వార్థం నాది.

ఆయన లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్లు తెప్పించాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. పెద్దమ్మాయి ఏం చేస్తోందని అడిగాను.

“ఇంట్లోనే, మిషను కుడతంది. నాకూ దానికీ మాటల్లేవు మేడమ్.”

“ఎందుకండీ?”

“తనతోపాటు చదివిన పిల్లోడొకడు ఇక్కడికి పంపు బాగుచేయించుకోను వచ్చి చెప్పాడు. మా నాన్న రైతు అని చెప్పిందంట గదా పెద్దసార్ల ముందు. ఈ చేతులే గదా మేడమ్ దాన్ని సాకింది. మెకానిక్ కూతుర్నని చెప్పుకోడానికి దానికంత నామోషీ అయితే, ఇంక దాంతో నాకు మాటలేంది?”

అంటే మూడేళ్ల నుంచి ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఎడమొహం పెడమొహంగా బతుకుతున్నారు. ఆ పిల్ల నా పేరు కూడా ఎత్తలేదు.

“ఆ మాట ఆమెది కాదండీ. అందరికీ నేనే రాయించాను. మార్చి చెబితే ఊరుకోనని బెదిరించాను కూడా. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు.”

ఆయన లోపలికి తిరిగి పెద్దకూతుర్ని పిలిచాడు. మూడేళ్లలో మొదటిసారి అనుకుంటాను.

“నిజమేనా?”

ఆమె నన్ను చూసి తల ఊపింది.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“రాయించినప్పుడే చెయ్యెత్తా. మేడమ్ దించమన్నారు. అప్పుడే అడగలేనిదాన్ని, ఉద్యోగం పోయినాక చెప్తే నువ్వు నమ్ముతావా?”

ఆమె చెయ్యెత్తిన సంగతి నాకు గుర్తు కూడా లేదు. ఎంతమంది చేతులు దించమన్నానో, ఎన్నని గుర్తుంటాయి?

తండ్రి ముఖం తుడుచుకున్నాడు. ఆ వెనకే చిన్నది వచ్చి నిలబడింది. చేతిలో మార్కుల మెమో. నేనొస్తానని తెలిసి తీసిపెట్టుకున్నట్టుంది. “బి.బి.ఎ.లో ఇంకా సీట్లున్నాయా మేడమ్? ఈసారి కంప్యూటర్లు కూడా ఉంటాయంట గదా?” అని గబగబా అడిగేసింది, నాన్న ఆపేలోపల.

“లోపలికి పో” అన్నాడాయన. అది పోలేదు. ఆయనే నా వైపు తిరిగాడు. “నిజం చెప్పారు, అది చాలు మేడమ్. కానీ దీన్ని మాత్రం అడగబాకండి. ఒకదాన్ని మీకిచ్చి చూశాంగా.”

నేను దండం పెట్టి లేచాను. చిన్నది మెమో మడవకుండా అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

బస్టాండులో కూర్చుని లిస్టు తీశాను. చేరని పిల్లల పేరు ఎదురుగా కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది, సాయంత్రానికి అది నింపి ఇవ్వాలి. చిన్నదాని పేరు ఎదురుగా పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. తర్వాత ‘అమ్మాయికి చదువు మీద ఆసక్తి లేదు’ అని రాశాను.